ఎనిమిదిన్నరకి కొలిచిన వాన

అమ్మాయీ,

భూమి వేడెక్కడం మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. ఉత్తరంలో నన్ను గురువుగారూ అని పిలిచావు. నేను ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, ఫైళ్ల మధ్య కథలు రాసుకున్నవాణ్ని. ఆ పిలుపు వద్దు.

సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా కథలో ఆ తాత ఇంటి కుక్క తను పడుకునే చోటు మార్చుకోవడం బాగుంది. అది నువ్వు చూసి రాశావు. మిగతాది ఎక్కడో చదివి రాశావు.

కోపం ఆఖరి వాక్యం మీద. పన్నెండు పేజీల సేపు తాతా మనవరాలూ పోట్లాడుకున్నారు. ఎండలు ఎప్పుడూ ఉన్నవేనంటాడు తాత, ఇదంతా మనల్ని ఎదగనివ్వకుండా తెల్లోళ్లు ఆడే నాటకమంటాడు. భూమి మండిపోతోంది, ఇంకేం మిగలదంటుంది మనవరాలు. చివరికి ఇద్దరూ గట్టు మీద కూర్చుని సముద్రాన్ని చూస్తుంటే, నువ్వు "ఎవరి నిజం వాళ్లది" అని రాసి చేతులు దులుపుకున్నావు. అత్తాకోడళ్ల తగువుకి ఆ మాట పనికొస్తుందేమో. గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎంతుందన్న ప్రశ్నకి పనికిరాదు.

ఈ జబ్బు నీకెక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఒకప్పుడు ఓ ఆదివారం అనుబంధానికి ఇదే విషయం మీద వ్యాసం రాశాను. ఎడిటర్ గారు సగం కోసి, మిగిలిన జాగాలో "మరో కోణం" అని ఓ డబ్బా పెట్టారు. దాన్ని రాసినాయన అదే పేజీ వెనక వాస్తు శీర్షిక నడిపేవాడు. అడిగితే "బ్యాలెన్స్ ఉండాలి కదండీ" అన్నారు. మరి గ్రహణం గురించి వేసినప్పుడు రాహువు తరఫున ఎవరిచేతా రాయించలేదే! పైగా వీళ్లకి ఈ సంగతి గుర్తొచ్చేది జూన్ 5, పర్యావరణ దినానికి ముందు మాత్రమే. "ఆరువందల మాటలు, సాయంత్రంలోగా కావాలి." ఏడో తారీఖున పంపిస్తే తీసుకునే నాథుడుండడు. ఇక పర్యావరణ కథల పోటీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకసారి జడ్జీగా కూర్చున్నాను. వచ్చిన కథల్లో సగం మొక్క నాటడంతో ముగిశాయి. ఆ మొక్కకి నీళ్లు ఎవరు పోశారో ఒక్కరూ రాయలేదు.

సరే, నీ ప్రశ్నకి వస్తాను. "నేను సైన్సు చదవలేదు. రెండువైపులా పెద్దపెద్దవాళ్లే ఉన్నారు. ఏది నమ్మాలో ఎలా తేల్చుకోను?" అన్నావు. నీ కథ కన్నా ఈ ప్రశ్న నాకు నచ్చింది. దీనికి జవాబుగా నా వెధవపని ఒకటి చెప్పాలి. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

1979లో ఓ తాలూకాఫీసులో ఉండేవాణ్ని. ఆఫీసు వెనక ముళ్లకంచె మధ్య రెయిన్ గేజి ఉండేది. పైన గరాటు, కింద సీసా, అంతే యంత్రం. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్లి, సీసాలో పడ్డ నీళ్లని గీతలున్న గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టర్లో ఎక్కించాలి. వాన లేకపోతే సున్నా రాయాలి. ఆ పని నాకు అంటగట్టారు. నాకేమో రాత్రిళ్లు కథలు రాసుకుని పొద్దెక్కాక లేచే అలవాటు. ఓసారి చెప్పాపెట్టకుండా రెండ్రోజులు మా ఊరెళ్లాను. అక్కడ రాత్రంతా కుండపోత. తిరిగొచ్చాక, ఇక్కడా పడే ఉంటుందిలే అని ఆ తారీఖు ఎదురుగా 62 మిల్లీమీటర్లని రాసేశాను. కనీసం అటెండర్ని అడిగినా సరిపోయేది.

నెల తర్వాత పైనుంచి మెమో వచ్చింది. ఆ రోజు చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో రెండూ మూడూ మిల్లీమీటర్లకి మించి పడలేదు, మీ దగ్గర 62 ఎలా పడిందో సంజాయిషీ ఇవ్వండి అని. "స్థానికంగా కుంభవృష్టి కురిసింది" అని జవాబు రాసి సంతకం పెట్టాను. నేను రాసిన కల్పిత సాహిత్యంలో అన్నిటికన్నా నీచమైనది ఆ ఒక్క వాక్యమే. వాళ్లు నమ్మారనుకోను. ఎక్కడో ఒక గుమాస్తా నా అంకె పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టుకునే ఉంటాడు. నా ఉద్యోగం మాత్రం పోలేదు.

అందుకే, ఈ ఉష్ణోగ్రతల లెక్కలన్నీ దొంగలెక్కలని నీ కథలో తాతలాంటివాడు ఎవరైనా అంటే నేను నవ్వను. దొంగలెక్క రాసిన చెయ్యి ఇది. కానీ అలాంటి లెక్క ఎలా దొరికిపోతుందో కూడా ఈ చేతికే తెలుసు. పక్క తాలూకా పట్టిస్తుంది.

అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ముల్లర్ అని ఓ భౌతిక శాస్త్రజ్ఞుడున్నాడు. ఆయనకీ ఇదే అనుమానం. థర్మామీటర్లు కాంక్రీటు పక్కన, ఏసీల వెనక పెట్టారేమో, పల్లెలు పట్నాలైపోయి వేడి చూపిస్తున్నాయేమో, లెక్కలు దిద్దేవాళ్లు తమకి కావలసినట్టు దిద్దుతున్నారేమోనని. ఓ బృందాన్ని కూడగట్టి ప్రపంచంలోని రికార్డులన్నీ మొదట్నుంచీ తిరగతోడాడు. ఆయనకి డబ్బిచ్చినవాళ్లలో బొగ్గూ చమురూ వ్యాపారమున్న కోక్ కుటుంబపు ఫౌండేషన్ కూడా ఉంది. తీరా లెక్క తేలేసరికి పాతవాళ్లు చెప్పిన అంకెలే వచ్చాయి. 2012లో ఆయనే పత్రికకెక్కి, భూమి వేడెక్కడం నిజమే, దాదాపు అంతా మనుషుల వల్లేనని రాశాడు. నేను చూసేది అదే. ఎవడు గట్టిగా అరిచాడని చూడను. తను ఆశించిన దానికి ఎదురుగా అంకె వచ్చినప్పుడు, దాన్ని దాచకుండా బయటపెట్టినవాడెవడని చూస్తాను.

ఇదే కొలబద్ద అవతలివైపుకీ పెట్టాలి. ఐపీసీసీ అని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం ఉంది కదా, నీ కథలో మనవరాలు మాటిమాటికీ చెప్పేది. వాళ్ల 2007 నివేదిక రెండో సంపుటంలో, హిమాలయాల్లోని హిమానీనదాలు 2035కల్లా మాయమైపోవచ్చని రాశారు. 2009 నవంబరులో జియలాజికల్ సర్వేలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా రాసిన పత్రాన్ని మన పర్యావరణ మంత్రిత్వ శాఖ విడుదల చేసింది. అంత తొందరగా కరగడానికి ఆధారాల్లేవని అందులో ఉంది. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరి దాన్ని ఊడూ సైన్స్, అంటే మంత్రాల సైన్సు అని కొట్టిపారేశాడు. మూడు నెలలు తిరక్కుండా 2010 జనవరిలో ఆ సంఘమే తప్పు ఒప్పుకుంది. ఆ 2035 ఎక్కడిదని తవ్వితే, 1999లో ఓ పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ తేలింది. దాన్ని ఓ స్వచ్ఛంద సంస్థ నివేదిక ఎత్తిరాసింది, దాన్ని చూసి వీళ్లు ఎత్తిరాశారు. ఒక్కరూ సీసా దగ్గరికి వెళ్లలేదు. నా 62 లాంటిదే.

దీన్ని పట్టుకుని "చూశారా, అంతా బూటకం" అన్నవాళ్లున్నారు. హిమానీనదాలు కరగడం ఆగలేదు. తప్పిందల్లా ఆ తారీఖు. పంటలెక్కలో ఒక సర్వే నంబరు తప్పు పడితే ఊళ్లో పొలాలే లేవనుకుంటామా?

తాత నాటకం మాటకొద్దాం. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టింది. బొగ్గుపులుసు వాయువున్న గొట్టం మిగతావాటి కన్నా వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువసేపు పట్టింది. ఆమె పత్రాన్ని సభలో వేరే మగాయన చదివాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్ల దాకా ఆమె పేరు తలచినవాళ్లే తక్కువ. 1896లో స్వీడన్‌లో అరీనియస్ అనే శాస్త్రజ్ఞుడు, ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో చేత్తో లెక్కలు కట్టాడు. చలిదేశం వాడు కదా, వేడెక్కితే మంచిదేగా అనుకున్నాడు పాపం. మన దగ్గర బొగ్గుబావులు ఆపించాలని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ నాటికి మనమే తెల్లోళ్ల కింద ఉన్నాం, మనల్ని ఎదగనివ్వకపోవడానికి వాళ్లకి గాజు గొట్టాలు అవసరం లేదు.

నాకు వీళ్లందరిలో ఇష్టమైనవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు కీలింగ్. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలో ఆ వాయువుని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లకి 315 దరిదాపుల్లో ఉంది. డబ్బుల్లేక 1964లో కొన్ని నెలలు కొలత ఆగింది కూడా. ఏటేటా అదే పని ఏమిటని డబ్బిచ్చేవాళ్లకి విసుగు. మన ఎడిటర్లలాంటివాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారన్నమాట. ఆయన 2005లో పోయేదాకా వదల్లేదు, తర్వాత కొడుకు అందుకున్నాడు. 2024 నాటికి అది 420 దాటేసింది. ఆ గీతని ఓసారి సంపాదించి చూడు. రంపంపళ్లలా ఏడాదికోసారి లేచి పడుతూ పైకి పోతుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగురించినప్పుడు దిగుతుంది, ఆకు రాల్చాక లేస్తుంది. భూమి ఊపిరి తీస్తున్నట్టుంటుంది. నీ "భూమాత కన్నీరు" పోలికలన్నీ దాని ముందు దిగదుడుపే.

నువ్వు చేసిన అసలు తప్పు, నాలుగు తగువుల్ని ఒకే తట్టలో పోసి అమ్మడం. వేడెక్కుతోందా అన్నదొకటి. మనవల్లేనా అన్నది రెండోది. ఈ రెండూ తేలిపోయాయి. సూర్యుడే కారణమైతే వాతావరణంలో పైపొర కూడా వేడెక్కాలి, కానీ అక్కడ చల్లబడుతోంది, కింద వేడెక్కుతోంది. మూడోది, ఇంకా ఎంతవరకు పోతుందన్నది. ఆ వాయువు రెట్టింపైతే రెండున్నర నుంచి నాలుగు డిగ్రీల మధ్య అంటున్నారు. అందులో రెండున్నరకీ నాలుగుకీ ఎంత తేడా ఉందో, తగువుకి అంత చోటుంది. నాలుగోది, ఖర్చెవరు భరించాలన్నది. దానికి థర్మామీటరు జవాబు చెప్పదు. ఇక్కడ నీ కథలో తాతకి దమ్మున్న వాదన ఉంది. మన దేశంలో మనిషి వదిలే ఆ వాయువు ఏడాదికి రెండు టన్నుల చిల్లర, అమెరికాలో పధ్నాలుగు టన్నుల దాకా. "వాళ్లు తిన్న విందుకి నేనెందుకు విస్తళ్లెత్తాలి?" అని ఆయన చేత అడిగించు. అప్పుడు మనవరాలి నోరు ఎలా మూతపడుతుందో చూడు. నువ్వు ఆయన్ని తెలివితక్కువవాణ్ని చేసి, పైగా చివర్లో జాలిపడి సగం నిజం దానం చేశావు. రెండూ అవమానాలే.

ఆయన "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాత కూడా అనేవాడు" అంటాడు చూడు, అది మంచి మాట. సామెత పాతది కనక ఎండ కూడా పాతదే, నిజమే. కానీ సామెతలో డిగ్రీలుండవు. నా జ్ఞాపకంలోనూ ఉండవు. చిన్నప్పుడు ఆరుబయట నులకమంచం మీద చల్లగా నిద్రపట్టేదని నాకు గట్టి నమ్మకం. చెమటతో దొర్లిన రాత్రుల్ని మర్చిపోయానేమో! కొలత లేని జ్ఞాపకాన్ని నేను కథలోకి రానిస్తాను, సాక్ష్యానికి పిలవను.

ఇక మనవరాలు. ఆ పిల్ల మాట్లాడుతుంటే కాలేజీలో ప్రాజెక్టు సెమినార్ విన్నట్టుంది. పైగా తప్పులు. ఉప్పాడ ఇళ్లు సముద్రంలో కలిసిపోవడానికి ధ్రువాల మంచు కరగడమే కారణమని ఊదరగొడుతుంది. సముద్రమట్టం పెరుగుతోంది, నిజం. 1900 నుంచి ప్రపంచం మొత్తం మీద ఇరవై సెంటీమీటర్లు. కానీ ఉప్పాడ కోతకి ఇంకా కారణాలున్నాయి. గోదావరి మీద పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి తీరానికి చేరేది తగ్గింది. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ కాకినాడకి అడ్డు నిలిస్తే, దాని చాటు దాటిన చోట అలల దెబ్బ ఉప్పాడ కాస్తుంది. రాళ్లూ, ఇసుక నింపిన జియోట్యూబు సంచులూ వేసిన గోడని, బీచ్ రోడ్డుని తుపానులు ఎన్నిసార్లు తినేశాయో అక్కడివాళ్లనడుగు. అన్నిటినీ వదిలేసి మంచు మీదకే నెట్టేస్తే, రేపు ఆనకట్టల సంగతి తెలిసిన పాఠకుడు నీ మంచుని కూడా నమ్మడు. తుపానులూ అంతే. 1977 దివిసీమ ఉప్పెనకి ఈ కారణం అంటగట్టినవాళ్లు ఆనాడు లేరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం దాకా ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కాబట్టి కురిసినప్పుడు గట్టిగా కురుస్తుంది, అంతవరకు అనిపించు. ఫలానా తుపాను దీనివల్లే అనిపించకు.

సంపుటి వేయాలా, వేస్తే ముందుమాట ఎవరి చేత రాయించాలని కూడా అడిగావు. దాని సంగతి తర్వాత.

కథ తిరగరాసే ముందు మీ మండలాఫీసుకెళ్లు. ఇప్పుడు చాలాచోట్ల ఆటోమేటిక్ యంత్రాలొచ్చాయి, అయినా పాత రెయిన్ గేజి ఎక్కడో ఓ మూల ఉంటుంది. ఎవరు కొలుస్తారో, ఏ టైముకి కొలుస్తారో, మర్చిపోయిన రోజున ఏం రాస్తారో అడుగు. మొహమాటపడితే నా పేరు చెప్పి, నేను చేసిన పని కూడా చెప్పు.

ఇంకో విషయం. ఇన్ని పేజీల్లో తాత పడవకి ఇంజినుందో తెరచాపో నువ్వు ఒక్కచోటా రాయలేదు. ఇంజినైతే ఆ డీజిలు ఎవరి దగ్గర అప్పుకి తెస్తాడు? రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ గుమాస్తా