అబ్దుర్రజ్జాఖ్ అని పేరు పెట్టేముందు

బేటా,

అస్సలాము అలైకుమ్. బాబుకి అబ్దుల్ రజాక్ అని పెడదామనుకుంటున్నట్టు రాశావు. మంచి పేరు. కాకపోతే ఏడో రోజు అఖీఖా (బిడ్డ పుట్టినందుకు బలి ఇచ్చే వేడుక) లోపు కొన్ని సంగతులు తేల్చుకోండి. కాగితాలకెక్కాక దిద్దించడం పెద్ద తిరుగుడు.

ముందు అర్థం. 'అబ్ద్' అంటే దాసుడు, 'అర్-రజ్జాఖ్' అల్లాహ్ పేర్లలో ఒకటి. కలిపితే రజ్జాఖ్ దాసుడు. ఆ పేరు 'రిజ్ఖ్' నుంచి వచ్చింది. 'రిజ్ఖ్' అంటే తిండి, జీతం అని మన ఇళ్లలో సరిపెట్టేస్తాం. అరబీలో అది అంతకంటే పెద్ద మాట. ప్రాణం నిలవడానికి, మనిషి మనిషిగా బతకడానికి అందేదంతా రిజ్ఖే: అన్నం, నీళ్లు, ఆరోగ్యం, చదువు, సంతానం. దాన్ని ఇచ్చేవాడు 'రాజిఖ్'. నడిమి అక్షరం ఒత్తి, తర్వాత దీర్ఘం తీసి 'రజ్జాఖ్' అంటే ఎడతెగకుండా, మళ్లీ మళ్లీ ఇస్తూనే ఉండేవాడు. అరబీలో వృత్తుల పేర్లు చాలా ఈ మూసలోనే వస్తాయి: రొట్టెలు కాల్చేవాడు ఖబ్బాజ్, బట్టలు కుట్టేవాడు ఖయ్యాత్. మన సరాఫు బజారులోని సరాఫు కూడా అసలు 'సర్రాఫే'. ఒక పూట రొట్టె కాల్చినవాణ్ని ఖబ్బాజ్ అనరు, అదే పనిగా చేసేవాణ్నే అంటారు. అందుకే 'రజాక్' అని ఒత్తు లేకుండా రాస్తే పోయేది ఒత్తు ఒక్కటే కాదు, ఆ 'మళ్లీ మళ్లీ' కూడా పోతుంది.

ఖుర్ఆన్‌లో 'అర్-రజ్జాఖ్' అన్న రూపం ఒక్కచోటే వస్తుంది, జారియాత్ సూరా (51వ అధ్యాయం) 58వ ఆయత్‌లో, అంటే వాక్యంలో. దాని ముందు ఆయత్ కూడా కలిపి చదువు. 'నేను వాళ్ల దగ్గర రిజ్ఖ్ కోరను, నాకు తినిపించమనీ అడగను' అని అక్కడుంది. వెంటనే ఈ పేరు, దాని పక్కనే బలవంతుడు, చెక్కుచెదరనివాడు అన్న మాటలు. ఇచ్చీ ఇచ్చీ తరిగిపోయే దాత కాదని అక్కడే తేలిపోతుంది. అలాగని ఇంట్లో కూర్చుంటే వస్తుందని కాదు. 67వ సూరా 15వ ఆయత్ భూమ్మీద నడవండి, ఆయన ఇచ్చింది తినండి అంటుంది. తెల్లారి ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగొచ్చే పక్షుల హదీసులో (ప్రవక్త గారి మాటలో) కూడా పక్షి గూడు వదిలి ఎగురుతుంది, గమనించు.

ఇక పలకడం. ర ముందు 'అల్' (ఇంగ్లీషు 'the' లాంటి మాట) లోని ల్ వినిపించదు, ర లో కలిసిపోతుంది. ఇలా కలుపుకునే అక్షరాలు అరబీలో 14 ఉన్నాయి. కాబట్టి నోటితో 'అబ్దుర్రజ్జాఖ్' అనాలి. జ ని ఉర్దూ 'జమీన్'లో పలికినట్టు పలకాలి, 'జల్లెడ'లోలా కాదు. చివరి అక్షరం ఖాఫ్, గొంతు లోపలి నుంచి వచ్చేది. దానికి తెలుగులో అక్షరం లేదు. మన దక్కనీ ఉర్దూలో ఎలాగూ 'ఖ' అంటాం కాబట్టి అదే రాయండి. బడిలో ఎవరైనా రజాకార్ అని ఏడిపిస్తే వాడికి జవాబు తెలిసుండాలి: అది 'రిజా' నుంచి వచ్చిన మాట, తన ఇష్టంతో పనికి దిగినవాడని అర్థం. 1948 నాటి చరిత్ర వల్ల చేదెక్కింది గానీ, అరబీ రాతలో ఆ జ వేరు, ఈ జ వేరు. ఉర్దూ పలుకులో, తెలుగు లిపిలో రెండూ ఒకటైపోయాయి.

ఎక్కువమంది తప్పుతోవ పట్టేది పిలుపులో. 'అబ్దుల్' అని ఒక్కటే పిలిస్తే అది ఎవరి దాసుడో చెప్పకుండా సగంలో ఆగిపోయిన మాట. 'రజ్జాఖ్' అని ఒక్కటే పిలిస్తే ఇంకా తప్పు, అల్లాహ్ పేరు తెచ్చి పిల్లాడికి తగిలించినట్టు. రహీమ్, రవూఫ్ లాంటివి వేరు. ఖుర్ఆనే (9:128) ప్రవక్త గారిని (ఆయనపై శాంతి కలుగుగాక) ఆ మాటలతో వర్ణించింది. ఈ పేరుకు ఆ వెసులుబాటు లేదు. పేరు పొడుగనిపిస్తే ముద్దుపేరు విడిగా పెట్టుకోండి, దీన్ని మాత్రం కోయొద్దు.

'యా రజ్జాఖ్' 308 సార్లు చదవమని ఎవరో ఒకరు చెబుతారు. ఆ అంకె అబ్జద్ లెక్క, అంటే అరబీ అక్షరాలకు అంకెలు కట్టి కూడే పద్ధతి: ర 200, జ 7, అలిఫ్ 1, ఖాఫ్ 100. హదీసులో ఉన్నది కాదు. ఆ పేరుతో దుఆ (ప్రార్థన) చేసుకోండి, 7వ సూరా 180వ ఆయత్ ఆయన పేర్లతోనే పిలవమంది. లెక్కకు మాత్రం మహిమ అంటగట్టొద్దు.

కాగితాల సంగతి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించండి. పేరు అప్పటికి కుదరకపోయినా 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో. ఇంటిపేరు గడిలో షేక్, పేరు గడిలో 'అబ్దుర్రజ్జాఖ్' విడగొట్టకుండా ఒకే మాటగా రాయించండి. విడగొడితే ఏదో ఒక దరఖాస్తులో 'రజ్జాఖ్' ఇంటిపేరైపోతుంది, గల్ఫ్ టికెట్ మీద 'రజ్జాఖ్ అబ్దుల్' అని తిరగబడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఇవాళే ఖాయం చేసి, జనన ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ మూడింటిలోనూ అవే ఉండేలా చూడండి.

రేపు ఆడపిల్ల పుట్టి ఇదే పేరు కావాలనిపిస్తే 'అమతుర్రజ్జాఖ్' అని పెట్టండి. 'అమత్' అంటే దాసి.

దుఆలతో,
మీ మామూ