పాలపన్ను దాచడానికి కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. 14 నెలల కిందట మా ఆరేళ్ల పాపకు పాలపన్ను కదులుతుంటే డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్లాం. అందులో మూలకణాలు (వేరే కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) ఉంటాయి, దాచుకుంటే రేపు షుగర్ వచ్చినా గుండెజబ్బు వచ్చినా నయమైపోతుందని అక్కడున్న ఓ కంపెనీ మనిషి చెప్పాడు. రూ.45,000 కట్టాం. ఇది మన దేశంలో చెల్లదని ఇప్పుడు మా తమ్ముడంటున్నాడు. గొడవలొస్తే వేరే రాష్ట్రంలో ఉన్న వాళ్ల ఊళ్లోనే ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర) తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీ తమ్ముడి మాట నిజమేనమ్మా. భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బ్యాంకులో దాచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే. పంటి కణాలు, మాయ (ప్లాసెంటా), కొవ్వు వంటివి దాచే వ్యాపారానికి అనుమతి లేదు.

అయితే వాదన దేని మీద పెట్టాలన్నదే ముఖ్యం. పంటి గుజ్జులో మూలకణాలున్న మాట అబద్ధం కాదు. 2000లో పెద్దల పళ్లలో, 2003లో పాలపళ్లలో వాటిని గుర్తించారు. ఎముకను, పంటి గుజ్జును మళ్లీ పెంచే పరిశోధనలూ సాగుతున్నాయి. కంపెనీ ఆ కాగితాలన్నీ తెచ్చి వినియోగదారుల కమిషన్ ముందు పరుస్తుంది. అదంతా బూటకమని మీరు వాదించారో, కేసు దారి తప్పుతుంది. మీరు అడగాల్సింది వేరు: ఇంకా పరిశోధనలో ఉన్నదాన్ని ఖాయమైన వైద్యంలా ఎలా చెప్పారు? అనుమతి లేదన్న సంగతి చెప్పకుండా సంతకం ఎలా పెట్టించుకున్నారు? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దీనికి పేర్లున్నాయి: తప్పుదారి పట్టించే ప్రకటన, అనుచిత వ్యాపార పద్ధతి. మార్గదర్శకాలు చట్టం కావు కదా అని వాళ్లనొచ్చు. కాకపోయినా మీకు చెప్పకపోవడం తప్పే. బిడ్డ ఆరోగ్యమంటే ఏ తల్లి కాదంటుంది? ఆ భయం మీదే వ్యాపారం చేశారు, నాకు కోపం అక్కడే.

ఆర్బిట్రేషన్ షరతుకు బెదరకండి. అది వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డు కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరుండే విశాఖలోనే, జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు మాత్రం 2 ఏళ్లే.

రసీదు, బ్రోషరు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రం చేయండి. ఏ లైసెన్సు కింద దాస్తున్నారో చెప్పమని, డబ్బు తిరిగివ్వమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కట్టమని డాక్టరు కూడా చెప్పి ఉంటే ఆయన్నీ ప్రతివాదిగా చేర్చండి. 15 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదు వేసేయండి.