కౌన్సిల్ సమావేశంలో మాట్లాడినా పని కాలేదంటే

బడి ముందు జీబ్రా క్రాసింగ్ కావాలని నగర కౌన్సిల్ సమావేశంలో అడిగాను, అందరూ తలూపారు, ఆపైన చప్పుడు లేదు అని మీరు రాశారు. మీ మాటల్లో లోపం లేదండి. ఎజెండాలో లేని విషయంపై చాలా కౌన్సిళ్లు అక్కడికక్కడ తీర్మానం చేయవు, విని ఊరుకుంటాయి.

ముందు ఆ రోడ్డు ఎవరి అధీనంలో ఉందో కనుక్కోండి. పై ప్రభుత్వానిదైతే కౌన్సిల్ సిఫార్సు మాత్రమే చేయగలదు. నగరానిదే అయితే మీ వార్డు సభ్యుడికి ఒక్క పేజీ లేఖ ఇవ్వండి: కచ్చితమైన స్థలం, తేదీలతో రెండు మూడు ఫోటోలు, ఒకే ఒక్క కోరిక. "ట్రాఫిక్ సమస్య తీర్చండి" అంటే ఎవరికీ పట్టదు. "ఇంజినీరింగ్ విభాగంతో పరిశీలన చేయించి కమిటీ ముందు నివేదిక పెట్టించండి" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు. లేఖ అందినట్టు రసీదు తీసుకోండి.

అసలు బేరమంతా కమిటీలోనే, అంటే అంశాలను ముందుగా పరిశీలించే కొద్దిమంది కౌన్సిల్ సభ్యుల బృందంలోనే. పూర్తి సమావేశానికి వచ్చేసరికి ఓట్లు దాదాపు ఖాయమైపోతాయి. అందుకే కమిటీ ఎజెండా వెలువడగానే అంశం నంబరు చూసుకుని, గడువులోగా మాట్లాడేవారి జాబితాలో పేరు రాయించుకోండి. దొరికేది సాధారణంగా రెండు మూడు నిమిషాలే, కాబట్టి అంశం నంబరూ కోరికా మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. పదిమంది వెళ్లి ఒకే పాట పాడితే విసుగొస్తుంది. ఒకరు మాట్లాడి, మిగతావారు సంతకాలు పెడితే చాలు.

ఇక నిధులు. బడ్జెట్ ముసాయిదా బయటికొచ్చాక అడిగితే ఆలస్యమే. విభాగాలు ప్రతిపాదనలు రాసుకునే నెలల్లోనే లేఖ చేరాలి.