మిల్లర్ చట్టం 90 రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: అమెరికాలో ఒక ఫెడరల్ భవనం పనిలో సబ్‌కాంట్రాక్టర్ దగ్గర మీరు పని తీసుకున్నారు, పని అయి రెండు నెలలైనా డబ్బు రాలేదు. ప్రభుత్వం దగ్గర నేరుగా పని తీసుకున్న ప్రైమ్ కాంట్రాక్టర్ ఇచ్చిన పేమెంట్ బాండ్, అంటే కింద పనిచేసినవాళ్ళకి డబ్బు అందుతుందన్న హామీ పత్రం, మీకూ వర్తిస్తుందా, మీరు కూడా బాండ్ తెచ్చుకోవాలా అని.

వర్తిస్తుంది. ప్రైవేటు ఇల్లయితే డబ్బు ఎగ్గొట్టినప్పుడు ఆస్తి మీద లీన్ వేస్తాం, అంటే బాకీ తీరేదాకా ఆ ఆస్తి మీద హక్కు పెట్టుకుంటాం. ప్రభుత్వ భవనం మీద అది కుదరదు కాబట్టే 1935లో మిల్లర్ చట్టం తెచ్చారు. లక్ష డాలర్లు దాటిన ఫెడరల్ నిర్మాణ పనికి ప్రైమ్ పేమెంట్ బాండ్ ఇవ్వాలని చట్టంలో ఉంది. 2010లో నిబంధనల్లో ఆ లక్షను లక్షన్నర చేశారు. బాండ్ ఇవ్వాల్సింది ప్రైమే. మిమ్మల్ని చట్టం అడగదు, సబ్ తన కాంట్రాక్టులో అడిగితే తప్ప.

ఇక నా సంగతి. మాది చిన్న ఎలక్ట్రికల్ కంపెనీ. మీలాగే సబ్ కింద పనిచేశాం, 38 వేల డాలర్లు రావాలి. సబ్ ఫోన్ ఎత్తేవాడు, మర్యాదగా మాట్లాడేవాడు, "వచ్చే శుక్రవారం" అనేవాడు. అలా ఎన్ని శుక్రవారాలు పోయాయో! ప్రైమ్‌తో మాకు నేరుగా కాంట్రాక్టు లేదు కాబట్టి, చివరిసారి పని చేసిన లేదా సరుకు ఇచ్చిన రోజు నుంచి 90 రోజుల్లోపు ప్రైమ్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నేను బిల్లు పంపిన ఏప్రిల్ 2 నుంచి లెక్కేసుకుని, జూన్ 20న పంపి, ఇంకా పదకొండు రోజులు మిగిలాయని ధీమాగా ఉన్నా. మా కుర్రాళ్ళ టైమ్‌షీట్‌లో చివరి రోజు మార్చి 14. అంటే గడువు జూన్ 12కే అయిపోయింది. ఏప్రిల్‌లో వెళ్లి ఒక చెడిపోయిన బ్రేకర్ మార్చాం కదా అని వాదించా. అసలు పని కాదు, మరమ్మతు, దానివల్ల గడువు జరగదని లాయర్ తేల్చేశాడు. చాలా కోర్టుల వరస అదే. ఆ సబ్ తర్వాత దివాలా తీశాడు. ఎనిమిది రోజుల తేడాకి 38 వేలు పోయాయి.

సబ్‌కి పంపిన ఈమెయిల్స్ అన్నీ దండగ. నోటీసు వెళ్లాల్సింది బాకీ ఉన్నవాడికి కాదు, ప్రైమ్‌కి. అందులో ఎంత రావాలి, ఎవరికి పని చేశాం అనేవి రాస్తే చాలు. అందినట్టు మూడో మనిషి దగ్గర రుజువుండే పద్ధతిలో పంపాలి. రెండోసారి ఇలాంటిదే జరిగినప్పుడు 60వ రోజుకే రిజిస్టర్డ్ పోస్టులో పంపా. సంతకంతో తిరిగొచ్చిన ఆకుపచ్చ కార్డు ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఐదు వారాల్లో చెక్కు వచ్చింది, కోర్టు మెట్లెక్కలేదు. ప్రైమ్‌కి తన బాండ్‌కి పూచీ పడ్డ ష్యూరిటీ కంపెనీ ముందు పరువు పోవడం ఇష్టం ఉండదు లెండి.

అప్పటికీ కదలకపోతే దావా వేయాలి. చివరి పని రోజు నుంచి 90 రోజులు గడిచాక వేయొచ్చు, ఏడాది దాటితే మాత్రం కుదరదు. పని జరిగిన చోటి ఫెడరల్ జిల్లా కోర్టులో, అమెరికా ప్రభుత్వం పేరు మీద మీ తరఫున వేస్తారు. బాండ్ కాపీ ప్రైమ్ ఇవ్వకపోతే, పని చేశాను, డబ్బు రాలేదు అని అఫిడవిట్ పెట్టి ఆ పని చేయించిన ప్రభుత్వ శాఖనే అడగండి, ఇచ్చి తీరాలి.

పని మొదలెట్టకముందే "బాండ్ మీద క్లెయిమ్ చెయ్యను" అని సంతకం పెట్టించుకున్నారా? భయపడకండి, అది చెల్లదు. పని చేశాక రాసిచ్చిందే చెల్లుతుంది. అందుకే చెక్కు చేతికి రాకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకండి.

మీరు ఎవరి కింద ఉన్నారో కూడా చూసుకోండి. సబ్ కింద ఉంటే సరే. ఆ సబ్ దగ్గర పని తీసుకున్న ఇంకొకరి కింద ఉంటే మాత్రం బాండ్ మీదాకా రాదు, 1944లో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. రాష్ట్ర ప్రభుత్వ పనులకి ఇదంతా అక్షరాలా సరిపోదు, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం, ఒక్కో గడువు.

రెండు నెలలంటున్నారు కాబట్టి మీకింకా నెల ఉన్నట్టే. కానీ ఆ రెండు నెలలు ఎప్పట్నుంచి లెక్కేశారు? చివరి టైమ్‌షీట్ తీసి చూశాక చెప్పండి.