కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా?

ప్రశ్న: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ జయంతి (మే 15) కోసం మా బడిలో పిల్లలచేత వ్యాసాలు రాయిస్తున్నాం. “కాటన్ అంటే పత్తి. పూర్వికులు పత్తి వ్యాపారం చేశారు కాబట్టి వాళ్లకు ఆ ఇంటిపేరు వచ్చింది” అని ఒక వ్యాసంలో ఉంది. ఇది నిజమేనా? కాటన్, కాటను, కాట్టన్ అనే మూడు రూపాల్లో ఏది సరి? “సర్ కాటన్” అనవచ్చా? బెంగళూరులోని బిషప్ కాటన్ పాఠశాల కూడా ఈయన పేరు మీదదేనా? ఈ ఇంటిపేరువాళ్లు ఇప్పటికీ ఉన్నారా? – ఒక తెలుగు ఉపాధ్యాయిని, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: ఆ వాక్యాన్ని కొట్టివేయించండి. కాటన్ అనే ఇంటిపేరుకూ పత్తికీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషులో రెండింటికీ వర్ణక్రమం ఒకటే, ఉచ్చారణా ఒకటే. కాని అవి వేర్వేరు భాషల నుంచి, వేర్వేరు కాలాల్లో వచ్చి ఒకే రూపంలో స్థిరపడిన రెండు మాటలు.

పత్తి అనే అర్థమున్న మాటకు మూలం అరబ్బీలోని “కుత్న్”. అది మధ్యధరా వర్తకంతోపాటు ఐరోపాకు వెళ్లి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. ఇంటిపేరుకు మూలం అచ్చమైన ప్రాచీన ఇంగ్లీషు మాట “కొత్”. గుడిసె, పాక, చిన్న కొట్టం అని దాని అర్థం. తిరుమలలో యాత్రికులకు ఇచ్చే కాటేజీలు మీ పిల్లలకు తెలుసు కదా, ఆ కాటేజీ అనే మాటకు మొదలు కూడా ఇదే “కొత్”. కాబట్టి కాటన్ దొర ఇంటిపేరుకు చుట్టరికం కాటేజీతో, కాటన్ చీరతో కాదు.

ఇంగ్లీషులో మంచానికి వాడే “కాట్” మళ్లీ వేరే మాట. అది మన హిందీ “ఖాట్” నుంచి, అంటే సంస్కృత “ఖట్వా” నుంచి వెళ్లింది. గుడిసె ఇంగ్లీషుది, మంచం మనది, పత్తి అరబ్బులది. మూడూ ఒకేలా వినిపించడంతో వచ్చిన తికమక ఇది. ఇక మన “కొట్టం”, వాళ్ల “కొత్” ఒకేలా ఉన్నాయి కదా అని రెండింటికీ ముడిపెట్టబోయేవాళ్లు ఉంటారు. అది కాకతాళీయమైన పోలిక. దాని మీద వ్యుత్పత్తి కట్టకూడదు.

గుడిసె ఇంటిపేరు ఎలా అయిందన్నది తెలుగు ఉపాధ్యాయులకు ఇష్టమైన విషయం అవుతుంది. ప్రాచీన ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. “కొత్”కు బహువచనంలో చతుర్థీ రూపం “కొతుమ్”. “గుడిసెల దగ్గర” అని చెప్పడానికి ఆ రూపమే వాడేవారు. అసలు ఊరికి ఎడంగా నాలుగు గుడిసెలు వెలిస్తే జనం ఆ చోటును “గుడిసెల దగ్గర” అనేవారు, చివరికి అదే ఊరి పేరైంది. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషు తన విభక్తి ప్రత్యయాలను దాదాపు అన్నింటినీ వదిలేసింది. ఊళ్ల పేర్లలో మాత్రం అవి గడ్డకట్టి మిగిలాయి. “కొతుమ్” చివరి మకారం నకారమై కోటన్, కాటన్ అనే ఊళ్లు ఏర్పడ్డాయి. కొన్నిచోట్ల మకారమే నిలిచి కాటమ్, కోటమ్ అయ్యాయి. ఇంగ్లీషులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. న్యూసమ్ అంటే “కొత్త ఇళ్ల దగ్గర”, లేథమ్ అంటే “గాదెల దగ్గర”. ఈ రెండూ ఇంటిపేర్లే.

మన ఇంటిపేర్లు చేసే పనీ ఇదే. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. వేటూరు ఊరు, వేటూరి ఇంటిపేరు. చిన్నయసూరి ఔపవిభక్తికాలన్న ఇ, టి, తి వర్ణాలు వచ్చి చేరి “ఫలానా ఊరికి చెందిన” అనే అర్థం ఇస్తాయి. ఊరు–ఊరి, పాడు–పాటి. ఇంగ్లీషులో విభక్తి ఊరి పేరులో ఉండిపోయింది, తెలుగులో ఇంటిపేరులో ఉంది. తేడా అంతే. పత్తి ఉన్న ఇంటిపేరు కావాలంటే మన దగ్గరే దొరుకుతుంది: ప్రత్తిపాడు నుంచి వచ్చిన ప్రత్తిపాటి. అక్కడ కూడా వ్యాపారం వల్ల కాదు, ఊరి వల్లే పేరు వచ్చింది.

గుడిసెలు ఎక్కడైనా వెలుస్తాయి కాబట్టి ఇంగ్లండులో ఈ పేరున్న చిన్న ఊళ్లు చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జి పక్కన ఒక కోటన్ ఉంది. స్టాఫర్డ్‌షైర్, ష్రాప్‌షైర్, నార్తాంప్టన్‌షైర్, చెషైర్ వంటి కౌంటీల్లోనూ ఉన్నాయి. డెర్బీషైర్‌లో “కోటన్ ఇన్ ది ఎల్మ్స్” ఉంది. బ్రిటన్‌లో సముద్రానికి అన్నిటికంటే దూరాన ఉన్న చోటుగా దాని దగ్గరి ఒక పొలాన్ని చెబుతారు. సఫక్ కౌంటీలోని కాటన్ ఊరు మాత్రం మినహాయింపు. దాని మొదటి భాగం కోడా అనే మనిషి పేరు, రెండోది పల్లె అనే అర్థమున్న “టూన్”. అంటే అది “కోడా పల్లె”, గుడిసెల లెక్కలోది కాదు. ఇంటిపేరు కాటన్ అని కనబడగానే గుడిసెలు అని కూడా తేల్చేయకూడదు. ఆ కుటుంబం ఏ కౌంటీ నుంచి వచ్చిందో ముందు చూడాలి.

ఊరి పేరు మనిషి పేరు పక్కన చేరడం 13వ శతాబ్దపు రాతల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నారిచ్ మఠంలో చరిత్ర రాసిన సన్యాసి బార్తొలొమ్యూ డి కాటన్ 1298 ప్రాంతంలో మరణించాడు. ఆ “డి”కి అర్థం “ఫలానా ఊరి నుంచి వచ్చిన” అని. క్రమంగా “డి” రాలిపోయి ఊరి పేరు ఒక్కటే ఇంటిపేరుగా మిగిలింది. పత్తిబట్ట నేత ఇంగ్లండులో పెద్ద పరిశ్రమగా ఎదగడానికి శతాబ్దాల ముందు సంగతి ఇది. ఇంగ్లీషు ఇంటిపేరు పత్తి వ్యాపారం వల్ల వచ్చిందనే ఊహ ఈ కాలక్రమం ముందు నిలవదు. ఫ్రాన్సులో ఇదే రూపంలో ఉన్న ఇంటిపేరు సంగతి వేరు. అది నిజంగానే పత్తి పండించేవారికో అమ్మేవారికో వచ్చినదని నిఘంటుకారులు చెబుతారు.

ఇక మన కాటన్. ఆర్థర్ థామస్ కాటన్ (1803–1899) చెషైర్‌లోని కంబర్మియర్ అబ్బే అనే పాత క్రైస్తవ మఠం భూములున్న కుటుంబానికి చెందినవారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేసినప్పుడు, అంటే 1538 తర్వాత, ఆ మఠం భూములు సర్ జార్జ్ కాటన్ చేతికి వచ్చాయి. ఆర్థర్ తాత సర్ లించ్ సాలస్‌బరీ కాటన్. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని స్టేపుల్టన్ కాటన్ ఆర్థర్‌కు పెదతండ్రి కుమారుడు. భూములు, సైన్యం, ఇంజనీరింగు ఈ వంశం వారి వృత్తులు. వ్యాసంలో ఆ వాక్యం బదులు “ఇంగ్లండులోని కాటన్, కోటన్ అనే ఊళ్ల పేర్ల నుంచి ఈ ఇంటిపేరు వచ్చింది. ఆ మాటకు ‘గుడిసెల దగ్గర’ అని అర్థం” అని రాయిస్తే చాలు.

బెంగళూరు పాఠశాల ఈయన పేరు మీదది కాదు. అది కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ (1813–1866) పేరిట ఏర్పడింది. సిమ్లాలోని బిషప్ కాటన్ పాఠశాల కూడా ఆయన స్థాపించినదే. కుష్టియా దగ్గర స్టీమరు ఎక్కబోతూ జారి నదిలో పడి ఆయన మరణించారు. ఆయన పేరు నడుమ ఉన్న “లించ్”ను గమనించండి. ఆర్థర్ తాత పేరూ అదే కదా. ఇంగ్లీషు కుటుంబాల్లో తల్లివైపు ఇంటిపేర్లను ఇలా నడిమి పేర్లుగా తరతరాలు నిలుపుకుంటారు. వంశాలను వెదికేవారికి చివర ఉన్న కాటన్ కంటే నడుమ ఉన్న లించ్, సాలస్‌బరీ వంటివే గట్టి ఆధారాలు. గువాహటిలో 1901లో కాటన్ కాలేజీగా మొదలై ఇప్పుడు విశ్వవిద్యాలయమైన సంస్థ పేరు మూడో ఆయనది. ఆయన అస్సాం చీఫ్ కమిషనర్‌గా పనిచేసిన సర్ హెన్రీ కాటన్. 1845లో కుంభకోణంలో పుట్టారు. 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. ఆయనది వేరే కుటుంబం. ఈ ముగ్గురినీ ఒకరిగా కలిపేయకూడదు. పిల్లలకు ఈ తేడా చెప్పి తీరాలి.

భాషను ప్రేమించేవారు తెలుసుకోవలసిన కాటన్ ఇంకొకరు ఉన్నారు. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) మఠాలు మూతపడ్డాక చెల్లాచెదరైన రాతప్రతులను ఓపికగా పోగుచేశాడు. ప్రాచీన ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌కు లోకంలో మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఆయన గ్రంథాలయంలోదే. అక్కడ బీరువాల మీద విటెల్లియస్ వంటి రోమన్ చక్రవర్తుల శిరోవిగ్రహాలు ఉండేవి, బీరువాలను ఆ పేర్లతోనే గుర్తించేవారు. అందుకే ఈనాటికీ ఆ ప్రతిని “కాటన్ విటెల్లియస్ ఏ 15” అనే గుర్తుతోనే పిలుస్తారు. 1731 అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. తాళపత్రాలు వెదికించి, శుద్ధప్రతులు రాయించిన సి.పి. బ్రౌన్‌ను తలచుకునే మనకు ఈ కాటన్ కూడా ఆత్మీయుడే.

ఇప్పటి వ్యాప్తి సంగతి. స్మిత్, బ్రౌన్ లాగా అడుగడుగునా తగిలే పేరు కాదు, అలాగని అంతరించిపోతున్న పేరూ కాదు. ఇంగ్లండులో ఉంది. వలసలతో ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాలకు వెళ్లింది. అమెరికాలో శ్వేతజాతి కుటుంబాల్లోనూ, ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల్లోనూ ఉంది. పత్తి తోటల్లో పనిచేసినందుకే నల్లజాతివారికి ఈ పేరు వచ్చిందనుకోవడం తొందరపాటు. బానిసత్వం నుంచి విముక్తి పొందినవారిలో చాలామంది అప్పటికే ఆ ప్రాంతంలో ఉన్న ఇంగ్లీషు ఇంటిపేర్లను స్వీకరించారు. ఒక్కో కుటుంబానిది ఒక్కో చరిత్ర. 1934, 1937, 1948 సంవత్సరాల్లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు హెన్రీ కాటన్, బ్లూస్ సంగీతకారుడు జేమ్స్ కాటన్ ఈ ఇంటిపేరువాళ్లే. లెక్కలు కావాలంటే అమెరికా జనగణన శాఖ 2000, 2010 సంవత్సరాలకు విడుదల చేసిన ఇంటిపేర్ల పట్టికలు చూడవచ్చు. నూరుమందికి తగ్గకుండా ఉన్న పేర్లన్నీ వాటిలో ఉంటాయి. ఇంగ్లండుకు 1881 జనగణన సూచీ పనికొస్తుంది. వెదికేటప్పుడు కాటన్ ఒక్కటే కాక కోటన్, కాటమ్ వంటి రూపాలనూ వెదకాలి. పాత చర్చి రిజిస్టర్లు రాసినవారు చెవికి వినపడినట్టు రాశారు. తండ్రిది ఒక రూపం, కొడుకుది ఇంకో రూపం అయి ఉండవచ్చు.

చివరగా రాత విషయం. ఇంగ్లీషులో ఈ పేరు మొదటి అచ్చు మనకు లేని హ్రస్వ ధ్వని, ఆ–ఒ లకు మధ్యన పలుకుతుంది. తెలుగు దాన్ని మొదటి నుంచీ “ఆ”గానే స్వీకరించింది: ఆఫీసు, డాక్టరు, షాపు. గోదావరి కాలువల మీద కాటన్ నాటి నుంచి ఉన్న “లాకులు” కూడా అలా వచ్చినవే. కనుక “కా” సరైనదే. ఇంగ్లీషు వర్ణక్రమంలో టకారం రెండుసార్లు ఉన్నది ముందరి అచ్చు హ్రస్వమని తెలపడానికే, ఒత్తి పలకడానికి కాదు. పైగా హ్రస్వం మీద ద్విత్వం రావడం (బస్సు, పెన్ను), దీర్ఘం మీద రాకపోవడం (కారు, లాకు) తెలుగు పద్ధతి. తమిళంలో ట రెండుసార్లు రాస్తారంటే దానికి కారణం వేరు: అచ్చుల మధ్య ఒక్క ట రాస్తే అక్కడ డ అని చదువుతారు. మనకు ఆ ఇబ్బంది లేదు. కాట్టన్ వద్దు.

కాటన్, కాటను రెండూ ఒప్పే. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కాబట్టి పాతవారు బ్రౌను, కాటను అని ఉకారం చేర్చేవారు. గోదావరి తీరంలో స్నానసంకల్పంలో చదివే సంస్కృత శ్లోకంలో “కాటనుం తం భగీరథం” అని ఉంది. ప్రాతిపదికను అకారాంతంగా తీసుకుంటే “కాటనం” అయ్యేది. “కాటనుం” అన్నారంటే తెలుగువారి నోట నలిగిన ఉకారాంత రూపాన్నే సంస్కృతంలోకి తీసుకున్నారన్నమాట. ఈ శబ్దం తెలుగుదైపోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నేటి వాడుకలో హలంతమైన, అంటే హల్లుతో ముగిసే కాటన్‌దే పైచేయి. ఏది ఎంచుకున్నా వ్యాసమంతా అదే ఉండాలి.

“సర్ కాటన్” తప్పు. సర్ అనే బిరుదు సొంత పేరుతోనే చెల్లుతుంది. సర్ ఆర్థర్, లేదా సర్ ఆర్థర్ కాటన్ అనాలి. ఆ బిరుదు 1861లో వచ్చింది, ఆనకట్ట పని 1847–1852 మధ్యది. ఆ రోజుల గురించి రాసేటప్పుడు సర్ లేకుండా “ఆర్థర్ కాటన్” అనడం కాలానికి అతుకుతుంది. “కాటన్ దొర” అన్నది జనం పెట్టుకున్న పిలుపు, దానికి ముందు సర్ చేర్చనక్కర్లేదు.

పిల్లలు కంప్యూటరులో రాస్తే ఇంకొక జాగ్రత్త కావాలి. హలంతం తర్వాత విభక్తి చేర్చగానే అక్షరాలు అతుక్కుని “కాటన్కు”, “కాటన్తో” అని వత్తులు పడతాయి. నకార పొల్లు తర్వాత అక్షరాలను విడదీసే గుర్తు కొట్టి “కాటన్‌కు”, “కాటన్‌తో” అని రాయించండి. తెలుగు కీబోర్డులు చాలావాటిలో ఆ మీట ఉంటుంది. ద్వితీయలో మాత్రం “కాటన్ను” అని కలిసినా తప్పులేదు, పలుకుబడి అదే. ఆ మీట దొరకకపోతే “కాటనుకు, కాటనుతో, కాటనును” అని ఉకారాంతంగా రాయించండి.