ర్యాంకెంత అని అడిగితే

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. హాస్టల్లో చేరిన వారంలోనే ముగ్గురు "జేఈఈలో ర్యాంకెంత?" అని అడిగారన్నావు. అది ర్యాంకు కోసం అడిగేది కాదమ్మా. ఇంటిపేరుతో కులం తేలకపోతే ర్యాంకు అడుగుతారు. చెప్పి తీరాలన్న రూలేమీ లేదు. "సీటొచ్చింది, చేరాను" అని ఊరుకో. డబ్బు కట్టి మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాణ్ణి ర్యాంకెంతని నిలదీసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

"మా సీటు మీరు లాక్కున్నారు" అనేవాళ్లతో వాదన పెట్టుకోకు. కానీ లెక్క నీకు తెలిసుండాలి. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, 2019 నుంచి ఈడబ్ల్యూఎస్‌కు, అంటే ఓసీల్లోని పేదలకు 10. మిగిలింది ఓపెన్. ఓపెన్ అంటే ఓసీల వాటా అనుకుంటారు చాలామంది, మనవాళ్లతో సహా. కాదు. ఏ సడలింపూ వాడుకోకుండా ఆ కటాఫ్ దాటితే నువ్వూ ఓపెన్‌లోనే లెక్క. రేపు ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు ఎస్సీ అని రాస్తే ఓపెన్ పోతుందేమోనని భయపడకు. పోదు. రాయి.

ఇదేం నిన్న మొన్న పుట్టిన గొడవ కాదులే. మన కోస్తా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1951లోనే, మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను కులమతాల వారీగా పంచిన జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఏడాదే రాజ్యాంగాన్ని సవరించి, వెనకబడినవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని చెప్పే 15(4) చేర్చారు.

ఇక అసలు సంగతి. నేను 1984లో ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షన్‌లో అందరికీ పింగాణీ కప్పులు, నాకొక్కడికే గాజు గ్లాసు. అంచు కాస్త విరిగి ఉండేది. కిటికీ గట్టు మీద విడిగా పెట్టేవాళ్లు. మూడు నెలలు అందులోనే తాగాను. నాలుగో నెల జీతం రాగానే నా కప్పు నేనే కొనుక్కుని వెళ్లాను. అదేదో పౌరుషం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, వాళ్ల పని నేనే సులువు చేసిపెట్టాను. ఒక్క కాగితం కూడా రాయలేదు. అందుకే నాకు ప్రమోషన్ ఆపినప్పుడు చూపించడానికి చేతిలో ఏమీ లేకపోయింది.

నువ్వలా చెయ్యకు. ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఏ రోజు, ఎక్కడ, ఎవరేమన్నారు, పక్కన ఎవరున్నారు, అన్న మాట అన్నట్టే రాసుకో. వైవాలోనో ప్రాజెక్ట్ గ్రూపుల్లోనో తేడా కనిపిస్తే మీ సంస్థలోని ఎస్సీ, ఎస్టీ సెల్‌కు మెయిల్ పెట్టు. నోటితో చెప్పి రావద్దు, నోటిమాటకు నంబరుండదు. నలుగురి ముందు కులం పేరుతో తిడితే మాత్రం అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, సర్దుకుపోవాల్సిన విషయం కాదు. అన్నిటికీ కేసు పెట్టమని కాదు నేననేది. ఏది రాసుకోవాలో, ఏది పట్టించుకోకూడదో నీకే తెలుస్తుంది.

చదువు వెనకబడితే ట్యూషన్ అడగడానికి మొహమాటపడకు. అడిగితే కోటావాళ్లింతే అంటారని నోరు మూసుకుని సబ్జెక్టులు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

కుల ధ్రువపత్రం ఒరిజినల్‌కి లామినేషన్ చేయించకు, మీ అమ్మ తొందరపడుతోంది. జిరాక్సులు పది తీయించి దగ్గర పెట్టుకో. దసరాకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమావయ్య