తోట బండి చక్రానికి ఎండీఎఫ్ వద్దు

ఎండీఎఫ్‌తో చేసిన చక్రం వానకు ఉబ్బి, ఇరుసు రంధ్రం దగ్గర విచ్చుకుపోయిందని రాశారు. అది మీ పనితనంలో లోపం కాదండీ. ఎండీఎఫ్ అంటే జిగురుతో నొక్కిన చెక్కపీచు. నీళ్లు తాగి ఉబ్బితే, ఆరినా పాత మందానికి రాదు. అలాగని ఒకే మామూలు చెక్క పలకలోంచి గుండ్రంగా కోయకండి. చెక్క తేమకు పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం పెరిగి తగ్గుతుంది. చక్రం కోలగా మారుతుంది, చీలనూవచ్చు.

వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తీసుకోండి. పొరలు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో అడ్డంగా ఉంటాయి కాబట్టి గుండ్రం నిలుస్తుంది. 12 మి.మీ. బిళ్లలు రెండు కోసి, ఒకదాన్ని 45 డిగ్రీలు తిప్పి ఎపాక్సీ జిగురుతో అతికించండి. అంచుకూ రంధ్రం లోపలికీ కూడా ఎపాక్సీ పట్టించండి, నీరు ముందు దూరేది అక్కడే. ఇరుసు చెక్కను నేరుగా ఒరుసుకోకుండా రంధ్రంలో ఇత్తడి బుష్ (చిన్న గొట్టం) వేయండి.